రీమ్యాప్ తర్వాత క్లచ్ జారుతోంది: స్టాక్ వేయాలా, పెర్ఫార్మెన్స్ వేయాలా?

విజయవాడ హైవే మీద ముందున్న లారీని దాటేద్దామని మా పిన్ని కొడుకు ఐదో గేర్‌లోనే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడు. స్పీడు 80 దగ్గరే ఆగిపోయింది. ఆర్‌పీఎం ముల్లు మాత్రం 2,200 నుంచి 3,500కి చటుక్కున ఎగిరింది. ఇంజిన్ అరుస్తోంది, కారు కదలడం లేదు. కాసేపటికి కాలిన వాసన. లారీ బ్రేకులనుకుని అద్దాలు ఎక్కించాడట. మర్నాడు ఊళ్ళో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అదే వాసన మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు లారీ లేదు.

కారు 1.0 లీటరు టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఆరు గేర్ల మాన్యువల్. 40 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల క్రితమే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించాడు, అంటే రీమ్యాప్. "కంపెనీ క్లచ్ సెట్ వేసేద్దాం, కాస్త నెమ్మదిగా నడుపు" అన్నాడు ఎప్పుడూ చూసే మెకానిక్. స్టాక్ అంటే అదే. ట్యూనింగ్ షాపులో ఏమో "స్టేజ్ 2 వేయకపోతే ఆరు నెలల్లో మళ్ళీ గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నారు. అంటే గట్టి పట్టున్న పెర్ఫార్మెన్స్ క్లచ్. ఎవరి మాట వినాలో తెలియక వాడు టెన్షన్‌లో పడ్డాడు.

పోలో 1.0 టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్, వర్టస్ 1.5 లాంటి చిన్న టర్బో కార్లు వచ్చాక ఈ ప్రశ్న మన దగ్గర కూడా ఎక్కువైంది. టర్బో ఇంజిన్‌కు లాప్‌టాప్ తగిలించి గంటలో టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, పెంచేయొచ్చు. క్లచ్‌ను అలా పెంచలేం.

క్లచ్ పట్టు దేని మీద ఆధారపడుతుంది

ఒక నోట్‌బుక్‌ని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని, పిల్లవాణ్ణి దాన్ని తిప్పమనండి. అది తిరగకుండా ఉండాలంటే మీరు గట్టిగా నొక్కాలి, లేదా అట్ట గరుగ్గా ఉండాలి, లేదా పుస్తకం పెద్దదై అంచుల దగ్గర పట్టుకునే వీలుండాలి. క్లచ్‌లో జరిగేదీ ఇదే.

ఒక అరచెయ్యి ఫ్లైవీల్. అది ఇంజిన్‌కు బిగించి ఉంటుంది. రెండో అరచెయ్యి ప్రెషర్ ప్లేట్. దాని వెనుక గిన్నె ఆకారంలో ఉండే డయాఫ్రం స్ప్రింగ్ దాన్ని ముందుకు నొక్కుతూ ఉంటుంది. మధ్యలో నోట్‌బుక్ స్థానంలో క్లచ్ ప్లేట్. దాని మధ్య పళ్ళు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద కూర్చుంటాయి. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్ళి ఆ స్ప్రింగ్‌ను వెనక్కి వంచుతుంది, ప్లేట్ వదులవుతుంది. పెడల్ వదిలితే మళ్ళీ బిగుసుకుంటుంది. హాఫ్ క్లచ్ అంటే ఈ రెండింటి మధ్య, ప్లేట్ కావాలనే కొంచెం జారుతున్న స్థితి. కారు కుదుపు లేకుండా కదలాలంటే ఆ జారుడు ఉండి తీరాలి. జారకూడని చోట జారడమే జబ్బు.

మనవాళ్ళు కారు విషయంలోనూ "ప్లేట్లు పోయాయి" అని బహువచనంలో అంటారు. అది బైక్‌ల నుంచి వచ్చిన అలవాటు. బైక్‌లో నూనెలో మునిగి ఐదారు ప్లేట్లుంటాయి. మామూలు కారులో ఉండేది ఒక్కటే ప్లేట్, అదీ పొడిగా. దాని రెండు ముఖాలే మొత్తం బరువు మోస్తాయి.

ఇప్పుడు లెక్కకొద్దాం. క్లచ్ మోయగల టార్క్ = ముఖాల సంఖ్య × ఘర్షణ గుణకం (గరుకుదనాన్ని చెప్పే అంకె) × నొక్కే బలం × సగటు వ్యాసార్థం. చిన్న టర్బో కారుకు దగ్గరగా ఉండేలా కొన్ని అంకెలు ఊహించుకుందాం: రెండు ముఖాలు, గుణకం 0.3, స్ప్రింగ్ నొక్కే బలం 4,500 న్యూటన్లు, వ్యాసార్థం 9 సెంటీమీటర్లు.

2 × 0.3 × 4,500 × 0.09 = 243 న్యూటన్ మీటర్లు.

పోలో 1.0 టీఎస్ఐ టార్క్ 175, ఐ20 ఎన్ లైన్‌ది 172, ఆల్ట్రోజ్ రేసర్‌ది 170. అంటే మన ఊహా క్లచ్‌కు 175 ఇచ్చే ఇంజిన్‌తో పోలిస్తే దాదాపు 1.4 రెట్ల సామర్థ్యం ఉంది. మామూలు కార్లకు ఇంజిన్ టార్క్‌కు 1.2 నుంచి 1.5 రెట్ల సామర్థ్యం పెట్టుకోవాలని ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాయి. ఇది దుబారా కాదు. ప్లేట్ అరుగుతుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి మీద ఆయిల్ చెమ్మ పడుతుంది. వేడికి గుణకం 0.3 నుంచి 0.25కి తగ్గిందనుకుంటే అదే క్లచ్ 202 మాత్రమే మోస్తుంది. అప్పుడు కూడా 175 నిలుస్తుంది.

రీమ్యాప్ తర్వాత ఇంజిన్ 240 ఇస్తోందనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు 243 మోసే క్లచ్ మీద 240. ఉదయం ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. సాయంత్రం కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటి ఓఆర్‌ఆర్ ఎక్కాక జారుతుంది. "ఒక్కోసారి బాగానే ఉంటోంది, ఒక్కోసారి జారుతోంది" అని ఓనర్లు చెప్పేది ఇందుకే.

పవర్ చూసి మోసపోవద్దు

"నా కారు 140 హార్స్‌పవర్, ఏ క్లచ్ వేయాలి?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. క్లచ్‌కు హార్స్‌పవర్ తెలియదు, దానికి తెలిసింది టార్క్ ఒక్కటే. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లలో పవర్ వస్తుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర 240 న్యూటన్ మీటర్లంటే 50 కిలోవాట్లు, అంటే 68 హార్స్‌పవర్. స్కూటీ మీద వెళ్ళే ఆంటీని దాటేంత పవర్ అది. అయినా క్లచ్ మీద పడే బరువు మాత్రం గరిష్ఠమే.

అందుకే రీమ్యాప్ చేసిన టర్బో కార్లలో జారుడు ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర కాకుండా 2,000–2,500 దగ్గర, అదీ పై గేర్లలో మొదలవుతుంది. కింది గేర్లలో కారు, ఇంజిన్ రెండూ చకచకా వేగం పుంజుకుంటాయి కాబట్టి టార్క్‌లో కొంత ఫ్లైవీల్‌ను తిప్పడానికే ఖర్చవుతుంది. పైగా ఆ బరువు రెండు క్షణాలే. ఐదో గేర్‌లో మొత్తం టార్క్ క్లచ్ మీద నిలకడగా కూర్చుంటుంది. మెకానిక్‌లు నాలుగో, ఐదో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూసేది ఇది పట్టుకోవడానికే.

"పెర్ఫార్మెన్స్ క్లచ్" అనేది ఒకటి కాదు

ఇక్కడే అయోమయం మొదలవుతుంది. పైన రాసిన సూత్రంలో నాలుగు అంకెలున్నాయి. వ్యాసార్థం పెంచడానికి గేర్‌బాక్స్ గుల్లలో చోటుండదు. మిగిలిన మూడింటిలో ఏది పెంచారన్నదాన్ని బట్టి మూడు వేర్వేరు వస్తువులు తయారవుతాయి. పెట్టె మీద మాత్రం అన్నిటికీ ఒకటే పేరు.

మొదటిది నొక్కే బలం. ప్లేట్ లైనింగ్ (ముఖాల మీద పట్టునిచ్చే పొర) పాతదే, స్ప్రింగ్ మాత్రం గట్టిది. 25 శాతం పెంచితే 243 కాస్తా 304 అవుతుంది. వేడిలో కూడా 253. పట్టు తీరు స్టాక్ లాగే మెత్తగా ఉంటుంది. బదులుగా పెడల్ బరువెక్కుతుంది. ట్రాఫిక్‌లో గంటకు రెండొందల సార్లు తొక్కే ఎడమ మోకాలికి ఆ 25 శాతం బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపుడును కాచేది ఇంజిన్‌లోని థ్రస్ట్ బేరింగ్. స్ప్రింగ్ మరీ మొండిదైతే, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు క్లచ్ తొక్కి కూర్చునే అలవాటు కూడా ఉంటే అరిగేది ఆ బేరింగే.

రెండోది లైనింగ్. స్టాక్ ప్లేట్ మీద ఉండేది ఆర్గానిక్ అంటారు: గాజు పోగులు, రాగి తీగ, రెసిన్, రబ్బరు కలిపి చేసినది. రెండు లైనింగ్‌ల మధ్య అలలుగా వంచిన పల్చటి స్టీల్ రేకు ఉంటుంది. పెడల్ వదులుతుంటే ఆ రేకు నెమ్మదిగా చదునవుతుంది కాబట్టే కారు కుదుపు లేకుండా కదులుతుంది. ఆర్గానిక్ కొద్దిగా వేడెక్కి పట్టు తగ్గినా చల్లారాక చాలావరకు కోలుకుంటుంది. కెవ్లార్ ప్లేట్ చాలాకాలం అరగదు, కానీ పట్టులో ఆర్గానిక్ కన్నా పెద్ద తేడా ఉండదు. దాన్ని కొత్తలో జాగ్రత్తగా రన్నింగ్-ఇన్ చేయాలి. ఒక్కసారి మితిమీరి వేడెక్కి మెరుపెక్కిందంటే ఇక మామూలుకు రావడం కష్టం. ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపే ఊళ్ళకు ఇది సరిపడదని నా అభిప్రాయం.

ఇక సెరామిక్. లోహపు పొడి, సెరామిక్ పొడి కలిపి కాల్చి చేసిన బిళ్ళలు ఇవి. ప్లేట్ చుట్టూ నిండుగా కాకుండా మూడో, నాలుగో, ఆరో బిళ్ళలుగా ఉంటాయి. గుణకం 0.4 అనుకుంటే స్టాక్ స్ప్రింగ్‌తోనే 324 మోస్తుంది. పెడల్ బరువు పెరగదు, వేడికి పట్టు సడలదు. మరి అందరూ ఇదే వేసుకోవచ్చు కదా? పట్టే తీరులో ఉంది చిక్కు. సెరామిక్ స్విచ్ లాంటిది, అయితే ఉంది లేకపోతే లేదు. పార్కింగ్‌లో రివర్స్ చేస్తుంటే కారు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. ఫ్లైవీల్‌నూ ప్రెషర్ ప్లేట్‌నూ త్వరగా గీకేస్తుంది. ఇదేదో రేసింగ్ వాళ్ళ రహస్య పదార్థం కూడా కాదు. పొలంలో తిరిగే ట్రాక్టర్లలో, భారీ లారీల్లో ఇవే బిళ్ళలు వాడతారు. బరువు లాగాలి, వేడి ఓర్చుకోవాలి, కుదుపు వచ్చినా అడిగేవాడుండడు.

మూడోది ముఖాల సంఖ్య. రెండు ప్లేట్లు పెడితే ముఖాలు నాలుగవుతాయి, అవే స్ప్రింగ్, లైనింగ్‌లతో సామర్థ్యం రెట్టింపు. పెడల్ మెత్తగానే ఉంటుంది. ట్విన్ ప్లేట్ కిట్‌లు ఖరీదైనవి. చిన్న కార్లకు దొరకడమూ కష్టం. 240 న్యూటన్ మీటర్ల కారుకు వీటి అవసరమే రాదు.

సూత్రంలో కనిపించని నాలుగో తేడా ప్లేట్ మధ్యభాగంలో ఉంటుంది. స్టాక్ ప్లేట్ నడుమ నాలుగో ఆరో చిన్న స్ప్రింగులు కనిపిస్తాయి. ఇంజిన్ కొట్టే దెబ్బలను గేర్‌బాక్స్‌కు చేరకుండా అవి మింగేస్తాయి. కొన్ని రేసింగ్ ప్లేట్లలో ఇవి ఉండవు. కొన్ని కార్లలో ఈ పని ఫ్లైవీల్ చేస్తుంది. రెండు ముక్కలుగా ఉండి మధ్యలో స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అది. దాన్ని తీసేసి తేలికపాటి ఒంటి ఫ్లైవీల్ పెడితే ఇంజిన్ చురుగ్గా తిరుగుతుంది, నిజమే. కానీ ఐడిలింగ్‌లో గేర్‌బాక్స్ గలగలా మోగుతుంటే "బేరింగ్ పోయిందా అన్నా?" అని సిగ్నల్ దగ్గర ఆటో డ్రైవర్ అడుగుతాడు.

స్టేజ్ 1, స్టేజ్ 2 అనే మాటలకు ఏ ప్రమాణమూ లేదు. జపాన్ క్లచ్ కంపెనీ ఎక్సెడీ లెక్కలో స్టేజ్ 1 అంటే ఆర్గానిక్, స్టేజ్ 2 అంటే సెరామిక్ బిళ్ళలు. అమెరికాలోని స్పెక్ కంపెనీ స్టేజ్‌లను 5 దాకా లెక్కపెడుతుంది. ఒకరి స్టేజ్ 2ని ఇంకొకరి స్టేజ్ 2తో పోల్చి లాభం లేదు. రీమ్యాప్‌లో స్టేజ్ 2 వేరు, క్లచ్‌లో స్టేజ్ 2 వేరు. పై రెండు పేర్లూ ఒకటేనని ఎవరైనా చెబితే అక్కడ కాస్త ఆగండి. అమెరికా కేటలాగుల్లో టార్క్ పౌండ్-ఫుట్‌లలో ఉంటుంది, 1.356తో గుణించాలి. 250 అని రాసి ఉంటే అది 339 న్యూటన్ మీటర్లు. అక్కడుండి కారు మాడిఫై చేసుకునే మనవాళ్ళు, ఇక్కడి తమ్ముళ్ళకు సలహా ఇచ్చేటప్పుడు తరచూ తడబడేది ఇక్కడే.

క్లచ్‌ను చంపేది వేడి, లెక్క వేసి చూద్దాం

ఇంజిన్ వేగం మారకుండా, క్లచ్ జారుతూ కారు నిశ్చలం నుంచి కదిలిందనుకోండి. ఇంజిన్ చేసిన పనిలో సగం కారుకు వెళ్తుంది, సగం క్లచ్‌లో వేడిగా మిగులుతుంది. అంటే ప్లేట్ పూర్తిగా పట్టుకునే సరికి కారుకు ఎంత గతిశక్తి వచ్చిందో అంతే వేడి క్లచ్‌కూ వచ్చింది.

మనుషులతో కలిపి కారు 1,300 కిలోలు అనుకుందాం. 1,350 ఆర్‌పీఎం దగ్గర మామూలుగా కదిలితే పట్టు కుదిరే సరికి వేగం సెకనుకు 3 మీటర్లు, అంటే గంటకు 11 కిలోమీటర్లు. వేడి 5,850 జౌళ్ళు. 4,000 ఆర్‌పీఎం దాకా లేపి వదిలితే పట్టు కుదిరే వేగం సెకనుకు 9 మీటర్లు. వేడి 52,650 జౌళ్ళు. ఆర్‌పీఎం మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. దాన్ని పీల్చుకునే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ కలిపి 10 కిలోల ఇనుమనుకుంటే, మామూలుగా కదిలినప్పుడు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి కాస్త పైన పెరుగుతుంది. ఆ దూకుడుకు పదిన్నర డిగ్రీలు. ఇది సగటు లెక్క. లైనింగ్ తాకే పైపొర అంతకన్నా ఎన్నో రెట్లు వేడెక్కుతుంది.

ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగింది, బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే కారును నిలబెట్టారనుకోండి. 8 శాతం వాలు మీద ఇదే కారుకు సెకనుకు సుమారు 3 వేల జౌళ్ళు. పది సెకన్లు నిలబెడితే ఐదుసార్లు కారు కదిపినంత వేడి.

హైవే మీద మా తమ్ముడి జారుడు వీటన్నిటికన్నా ఘోరం. వేడెక్కిన క్లచ్ 200 న్యూటన్ మీటర్లు మోస్తూ 1,300 ఆర్‌పీఎం తేడాతో జారుతుంటే వేడి 27 కిలోవాట్లు. ఇంట్లో రెండు కిలోవాట్ల గీజర్లు పదమూడు ఒకేసారి ఆన్ చేసి, ఆ వేడినంతా అన్నం పళ్ళెమంత ప్లేట్ మీద కుమ్మరించినట్టు. ఆ వేడికి గుణకం ఇంకా పడిపోతుంది, పడిపోయిన కొద్దీ ఇంకా జారుతుంది. రెండు నెలల్లో 40 వేల కిలోమీటర్ల క్లచ్ అలా పోయింది.

గట్టి క్లచ్ వేశాక తర్వాత తెగేది ఏది

స్టాక్ వైపు మాట్లాడేవాళ్ళ దగ్గర ఒక బలమైన వాదన ఉంది. క్లచ్ ఇంట్లో ఫ్యూజ్ లాంటిది. లోడు ఎక్కువైతే అది జారి, వెనకున్న గేర్లను, డ్రైవ్ షాఫ్ట్‌లను కాపాడుతుంది. ఫ్యూజ్ స్థానంలో లావుపాటి తీగ చుడితే ఏమవుతుందో మన ఇళ్ళలో చూసిందే. గేర్‌బాక్స్‌లకూ ఒక పరిమితి ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ దాన్ని పేరులోనే రాస్తుంది: ఎంక్యూ200, ఎంక్యూ250, ఎంక్యూ350. ఆ అంకె సుమారుగా అది మోయగల టార్క్ తరగతి. 200 తరగతి డబ్బాకు 350 మోసే సెరామిక్ క్లచ్ తగిలించి సర్రున లాంచ్ చేస్తే, క్లచ్‌కు ఏమీ కాదు.

అవతలి వాదనా చులకన చేయదగ్గది కాదు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. కూలీ, పోయే రోజు, ఆయిల్ ఖర్చు ఏ క్లచ్ వేసినా ఒకటే. టార్క్ పెంచాక మళ్ళీ 243 దే వేస్తే అదే ఖర్చు మళ్ళీ పెట్టాలి కదా అంటారు. జారే ఫ్యూజ్ మంచి ఫ్యూజ్ కాదని కూడా అంటారు. నిజమే, ఇంటి ఫ్యూజ్ ఒక్కసారి తెగి ఊరుకుంటుంది. క్లచ్ జారిన ప్రతిసారీ కొంచెం కొంచెం చస్తుంది.

ఈ రెండు వర్గాలూ పెద్దగా పట్టించుకోని మూడో దారి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. 2,500 ఆర్‌పీఎం లోపు టార్క్‌ను 210 దగ్గర ఆపి, పైన క్రమంగా పెంచేలా మ్యాప్ రాయొచ్చు. గరిష్ఠ పవర్ అంతే ఉంటుంది, పై గేర్లలో వీపుకు తగిలే ఆ మొదటి తోపు కాస్త తగ్గుతుంది. కానీ ఆ తోపు కోసమే చాలామంది రీమ్యాప్ చేయించేది. షాపులవాళ్ళు దీన్ని ముందుగా చెప్పకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

మ్యాప్ మార్చని కారుకైతే ఈ చర్చే అక్కర్లేదు. స్టాక్ ఇంజిన్‌కు స్టాక్ క్లచ్ సరిపోతుంది. స్పోర్టీగా నడిపినా, నెలకోసారి ఘాట్ రోడ్డు ఎక్కినా అంతే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద రోజంతా తిప్పినా క్లచ్ కన్నా ముందు బ్రేకులు, టైర్లు మొరపెట్టుకుంటాయి. ట్రాక్ మీద ఒకసారి కదిలాక హాఫ్ క్లచ్‌తో పనుండదు. క్లచ్‌కు అసలు రేసు సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలిలో జరుగుతుంది. మాన్యువల్ వర్టస్ 1.5 లాంటి కారు కంపెనీ నుంచే 250 న్యూటన్ మీటర్లతో వస్తుంది. దాని క్లచ్‌ను ఆ అంకెకు తగ్గట్టే కట్టి ఉంటారు. స్టాక్ అనే మాటకు బలహీనం అని అర్థం లేదు.

మా వాడి గేర్‌బాక్స్ దించాక

లైనింగ్ మందం ఇంకా సగానికి పైగా ఉంది. అరిగి పోయిన క్లచ్ కాదది. కానీ పైన మెరుపెక్కి, గోటితో గీస్తే జారిపోయే గాజులా ఉంది. ఫ్లైవీల్ మీద మూడు చోట్ల రూపాయి బిళ్ళంత నీలం మచ్చలు. మెకానిక్ వాటి మీద వేలు రాసి "ఇది హైవే మీద కాలింది, ట్రాఫిక్‌లో కాదు" అన్నాడు. వీటికే హీట్ స్పాట్స్ అంటారు. ఆ మచ్చలతోనే కొత్త ప్లేట్ బిగిస్తే కదిలేటప్పుడు కారు వణుకుతుంది. ఫ్లైవీల్ మార్చక తప్పలేదు.

చివరికి వేసింది ఆర్గానిక్ ప్లేట్, దానికి 25 శాతం గట్టి ప్రెషర్ ప్లేట్. ట్యూనర్‌తో కాసేపు వాదించి 2,500 లోపు టార్క్ 220 దాటకుండా మ్యాప్ మార్పించాడు. మొదటి 800 కిలోమీటర్లు ఊళ్ళోనే, యాక్సిలరేటర్ సగం దాటకుండా తిప్పాడు. ఐదో గేర్‌లో ఇప్పుడు ముల్లు, స్పీడు రెండూ కలిసే లేస్తున్నాయి. వారంటీ సంగతి రీమ్యాప్ చేసిన రోజునే ముగిసింది కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

దసరాకు కారు సూర్యాపేట తీసుకెళ్తే, గేటు బయట పెట్టమని తాళాలు బాబాయికిచ్చాడు. నలభై ఏళ్ళుగా బండ్లు నడుపుతున్న మనిషి. వాకిట్లోనే రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది.

"ఏంట్రా ఇది, ట్రాక్టర్ క్లచ్ గానీ వేయించావా?"

అది సెరామిక్ కాదు నాన్నా, స్ప్రింగ్ ఒక్కటే మార్చామని వీడు మొదలుపెట్టేలోపే బాబాయి మూడోసారి స్టార్ట్ చేస్తున్నాడు.